ఫోర్ బై ఫోర్‌లో స్టీరింగ్ వణుకు, పక్కకు లాగుడు: కారణాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

సాలూరు నుంచి ఘాటెక్కి కోరాపుట్ మీదుగా జయపురం వెళ్లే 26వ నంబరు రోడ్డు మీద, రాయగడ వైపు 326 మీద, అక్కణ్ణుంచి లోపలి ఊళ్లకు వెళ్లే ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి ముందు భాగమే ముందు అరుగుతుంది. స్టీరింగ్ వణికినా, బండి ఒక పక్కకు లాగినా చాలామంది నేరుగా అలైన్‌మెంట్ షాపుకు పోతారు. మెషిన్ మీద అంకెలన్నీ సరిపోతాయి, బిల్లు కట్టి బయటికొస్తారు, నాలుగు కిలోమీటర్లు పోగానే మళ్లీ అదే వణుకు.

మెషిన్ తప్పేం లేదు. నిలబడి ఉన్న బండిలో చక్రాల కోణాలు చూడటమే దాని పని. జాయింటులో లూజుంటే బండి నడిచేటప్పుడు ఆ కోణం నిలవదు. రిమ్ము వంగినా, బ్రేకు పట్టేసినా ఆ అంకెల్లో కనబడదు. అందుకే అలైన్‌మెంట్‌ను ఆఖరికి ఉంచుకోవాలి. ముందు గాలి, మట్టి, నట్లు. తర్వాత టైరు, రిమ్ము, బ్రేకు. ఆ తర్వాత లూజులు. ఈ వరుస తప్పితే బాగున్న సామాన్లు మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది.

మొదట జబ్బు ఏ రకమో తేల్చుకోండి

పానా పట్టే ముందు బండి నడిపి చూడండి. గేరు 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే స్థితి) ఉండాలి, రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది. ఏ వేగంలో మొదలైంది, ఏ వేగంలో ఆగింది, బ్రేకు తొక్కితే పెరిగిందా తగ్గిందా అన్నది ఆయన రాసుకుంటాడు.

గంటకు 20 నుంచి 40 కి.మీ. మధ్య స్టీరింగ్ కుడిఎడమలకు నెమ్మదిగా ఊగుతుంటే చక్రం గుండ్రంగా లేదని అర్థం. రిమ్ము వంగి ఉండొచ్చు, టైరు లోపలి బెల్టు ఊడి ఉండొచ్చు. 80 నుంచి 100 మధ్య సన్నగా వణికి, ఆపైన తగ్గిపోతే అది బ్యాలెన్సింగ్ సమస్య. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కు చూడాలి. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటు కింద అదురుతుంటే వెనక చక్రాల వైపో, ఇరుసుకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు వైపో వెళ్లాలి. అదే వేగంలో గేరు న్యూట్రల్‌కు తెస్తే అదురు ఆగిపోయిందంటే ఇంజను వైపు చూడాలి. ఈ న్యూట్రల్ పరీక్ష చదునైన రోడ్డు మీదే చేయాలి, ఘాటు దిగేటప్పుడు ఎప్పుడూ చేయకూడదు.

50, 60లో పోతుంటే చిన్న గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుపోయేంతగా కొట్టుకుని, బండి దాదాపు ఆగేదాకా ఆగని రకం వేరే ఉంది. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న జిప్సీ, జిమ్నీ, పాత జీపుల్లో ఇది ఎక్కువ. దీనికి కింగ్ పిన్ (చక్రం కుడిఎడమలకు తిరిగే ఇరుసు పిన్ను), టై రాడ్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే కడ్డీ) ఎండ్లు, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరక్కుండా పట్టే కడ్డీ) బుష్‌లు ముఖ్య కారణాలు. చాలాసార్లు రెండు మూడు చిన్న లూజులు కలిసి దీన్ని తెస్తాయి. దారిలో ఇలా జరిగితే స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి, బొటనవేళ్లు స్పోకుల మధ్యకు పోనివ్వకండి. యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేకు మెల్లగా తొక్కుతూ ఎడమ అంచున ఆపండి. స్టీరింగ్‌ను ఎదురు తిప్పి ఆపాలని చూడొద్దు.

లాగుడు విషయంలో ముందు రోడ్డు వాలును లెక్కలోకి తీసుకోవాలి. నీళ్లు పోవడానికి రోడ్డు మధ్య నుంచి అంచుకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి చేతులు వదులు చేస్తే బండి కాస్త ఎడమకు జారడం సహజం. అటూ ఇటూ బండ్లు లేనప్పుడు వాలు లేని నడి రోడ్డు మీద చూడండి. అక్కడా ఎడమకే పోతే లోపం ఉన్నట్టు. ఎడమ వాలు రోడ్డు మీద కూడా కుడికి లాగిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇంకో రెండు తేడాలు గుర్తుపెట్టుకోండి. బండి తిన్నగా పోతోంది గానీ స్టీరింగ్ చక్రం వంకరగా ఉందంటే అది లాగుడు కాదు, రాడ్ల సర్దుబాటు తేడా. ఎడమ మలుపు తిరిగాక ఎడమకు, కుడి మలుపు తిరిగాక కుడికి లాగుతుంటే ఏదో బిగుసుకుపోయింది. కింగ్ పిన్ బేరింగో, బాల్ జాయింటో (సస్పెన్షన్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండు కీలు), స్టీరింగ్ షాఫ్టు క్రాసో ఎండిపోయి ఉంటుంది. స్టీరింగ్ బాక్సు స్క్రూ అతిగా బిగించినా ఇదే లక్షణం వస్తుంది.

గాలి, మట్టి, నట్లు

గాలి ఉదయం, బండి కదలకముందు చూడాలి. ఎండలో నిలబెట్టిన పక్క టైరు ఒకటి రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఘాటెక్కి వచ్చిన వేడి టైరు ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు దగ్గరి పట్టీ మీద రాసి ఉంటుంది. ముందు రెండు చక్రాలూ ఒకే గేజితో సమానంగా పెట్టండి. ఒకదానిలో నాలుగైదు పీఎస్‌ఐ తగ్గినా బండి అటువైపు లాగుతుంది. మట్టి దారికని గాలి దించి, తారు రోడ్డెక్కాక నింపడం మరిచిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి అటూ ఇటూ తేలుతుంది.

వానాకాలంలో ఈ ప్రాంతంలో వచ్చే వణుకుల్లో చాలావాటికి మట్టే కారణం. ఎర్ర బంకమట్టి రిమ్ము లోపలి గిన్నెలో చేరి, రాత్రికి ఎండి, ఒకే చోట గట్టిగా పట్టేస్తుంది. బయటి నుంచి చూస్తే చక్రం శుభ్రంగానే ఉంటుంది. ముందురోజు బాగా నడిచిన బండి పొద్దున తారు మీదకు రాగానే 70 దగ్గర వణుకుతుందంటే వేరే పనేదీ పెట్టుకోకుండా నాలుగు చక్రాల లోపలి వైపు పైపు నీళ్లతో కడగండి. మూలల్లో చెక్క ముక్కతో గీకండి. అప్పుడే రిమ్ము అంచు చుట్టూ వేలు తిప్పుతూ చూడండి: బ్యాలెన్స్ బరువు ఊడిపోయిన చోట చుట్టూ మురికి, మధ్యలో శుభ్రమైన చిన్న మచ్చ కనిపిస్తుంది. బురదలో తిరిగే బండికి ఇనుప రిమ్ములుంటే జిగురుతో అంటించే బరువుల కన్నా అంచుకు కొట్టే క్లిప్పు బరువులు అడిగి పెట్టించుకోండి.

నట్లు నక్షత్రం వరుసలో, అంటే ఎదురెదురుగా బిగించాలి. 12 మి.మీ. స్టడ్లున్న చాలా బండ్లకు 90 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది, కచ్చితమైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. పంక్చర్ షాపులో పానా మీదెక్కి తొక్కి బిగిస్తే స్టడ్లు సాగుతాయి, డిస్కు కూడా వంకరపోవచ్చు. బయట కొన్న అలాయ్ రిమ్ములైతే నట్టు కోను, రిమ్ము రంధ్రం కోను ఒకే వాలులో ఉన్నాయా చూసుకోవాలి. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కన్నా పెద్దదైతే చక్రం కేంద్రం తప్పి కూర్చునే అవకాశం ఉంది. అలాంటి చక్రం ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా వణుకు పోదు.

టైరు, రిమ్ము

ముందు చక్రం జాకీ మీద లేపండి. అంతకంటే ముందు ఒక జాగ్రత్త: ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ గేరు న్యూట్రల్‌లో పడి ఉంటే మెయిన్ గేరు వేసి ఉన్నా బండి దొర్లిపోతుంది. లీవరు 2హెచ్‌లో ఉందని చూసుకుని, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్కలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లేపాక చాసిస్ కింద స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

టైరు దగ్గర ఒక ఇటుక నిలబెట్టి, దాని మీద పెన్ను మొనను టైరుకు తగలకుండా దగ్గరగా ఉంచి చక్రం మెల్లగా తిప్పండి. సందు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది కనిపిస్తుంది. ఇనుప రిమ్ము అంచు పక్కకు గానీ ఎత్తుకు గానీ ఒకటిన్నర మి.మీ. దాటి ఊగితే అనుమానించాలి. రిమ్ము సరిగ్గా తిరుగుతూ టైరు మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు టైరుది. ట్రెడ్ మీద అరచేతితో తడమండి, ఒకచోట ఉబ్బు తగిలితే లోపలి బెల్టు ఊడింది. ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోకండి, పగిలిపోతుంది.

తర్వాత రెండు మార్పిడి పరీక్షలున్నాయి. వీటికి ఖర్చేమీ ఉండదు. బండి లాగుతుంటే ముందు ఎడమ, కుడి చక్రాలను అటూ ఇటూ మార్చి అదే రోడ్డు మీద నడపండి. లాగే దిశ మారిపోయిందంటే టైరులోనే తేడా ఉంది, అలైన్‌మెంట్‌లో వెతకడం అనవసరం. వణుకుతుంటే ముందు జతను వెనక్కి, వెనక జతను ముందుకు వేయండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి మారితే ముందు నుంచి తీసి వెనక వేసిన ఆ జతలోనే దోషం. బాణం గుర్తున్న టైర్లను కొద్ది దూరం పరీక్ష కోసం తిరగేసి వేయవచ్చు, నిదానంగా నడపాలి.

బ్రేకు

ఎనిమిది పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకు వాడి నడిపి ఆపండి. నాలుగు హబ్బుల మీదా నాలుగేసి నీటి చుక్కలు చల్లండి. ఒకదాని మీద చుక్క సుయ్యిమని ఆవిరైపోయి మిగతావాటి మీద కాకపోతే ఆ చక్రం బ్రేకు పట్టేస్తోంది. బ్రేకు తొక్కకుండానే బండి ఆ వేడి చక్రం వైపు లాగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే లెక్క తిరగబడుతుంది. బలంగా పట్టే వైపుకు బండి పోతుంది, పాడైంది మాత్రం చాలాసార్లు ఎదుటి వైపు, పట్టనిది. ఉదాహరణకు బ్రేకు వేయగానే ఎడమకు లాగితే కుడి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టాయేమో, కుడి ప్యాడ్లకు హబ్బు సీలు నుంచి నూనె తగిలిందేమో చూడాలి.

పట్టేసిన చక్రాన్ని లేపి తిప్పి చూసి, తిరగకపోతే బ్లీడింగ్ నిప్పిల్ కాస్త వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే గొట్టంలోనో మాస్టర్ సిలిండర్ వైపో ఒత్తిడి నిలిచిపోతోంది. రబ్బరు గొట్టం పైకి బాగానే కనబడి లోపల వాచిపోవడం పాత బండ్లలో సాధారణం. నిప్పిల్ వదిలినా చక్రం తిరగకపోతే పిస్టనో, పిన్నులో బిగుసుకున్నాయి. వాగుల్లో తరచూ దిగే బండికి ఏడాదికోసారి పిన్నులు తీసి తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజే పూయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

బ్రేకు తొక్కితే వణికే బండికి డిస్కు వంగిందంటారు. నిజానికి చాలావాటిలో డిస్కు మందం చుట్టూ సమానంగా లేకపోవడం ఉంటుంది. ఘాటు పైనుంచి టాప్ గేరులో బ్రేకు మీదే దిగి, కింద టీకొట్టు దగ్గర బ్రేకు తొక్కిపట్టి ఆపితే కాలిన ప్యాడు పదార్థం డిస్కుకు ఒకేచోట అంటుకుంటుంది. ఆ మచ్చ దగ్గరే ప్రతి చుట్టుకూ స్టీరింగ్ కొట్టుకుంటుంది. చిన్న గేరులో దిగడం దీనికి మందు. డయల్ గేజితో కొలిస్తే డిస్కు పక్క ఊపు చాలా బండ్లకు 0.1 మి.మీ. లోపు ఉండాలి. కొత్త డిస్కు వేసేముందు హబ్బు ముఖాన్ని ఇనుప బ్రష్‌తో రుద్దండి, అక్కడ చిక్కిన తుప్పు పొర ఒక్కటి చాలు కొత్త డిస్కూ వంకరగా కూర్చోవడానికి.

లూజులు పట్టుకోవడం

ఈ దశ అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడుగుతుంది, ఎక్కువ జబ్బులూ ఇక్కడే దొరుకుతాయి. ముందు బండి నేల మీదే ఉంచి చూడాలి, ఎందుకంటే లేపితే బరువు పోయి చిన్న లూజులు దాక్కుంటాయి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజను ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒక మనిషి స్టీరింగ్‌ను చక్రాలు తిరిగీ తిరగనంతగా కుడిఎడమలకు గబగబా ఆడించాలి. మీరు కింద టార్చితో స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం దాకా ఒక్కో జాయింటు మీద వేళ్లు పెట్టుకుంటూ రండి. కంటికి కనబడని లూజు వేలికి టిక్కుమని తగులుతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, దాన్నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు ఇలా వరుసగా చూడండి. టై రాడ్ ఎండ్ పక్కకు ఏమాత్రం కదిలినా మార్చేయండి.

స్టీరింగ్ బాక్సును చాసిస్‌కు పట్టే బోల్టుల దగ్గర కాస్త ఆగండి. బాక్సే కదులుతుందేమో, బోల్టు రంధ్రం చుట్టూ చాసిస్ పగిలి తుప్పు గీత పడిందేమో చూడండి. పెద్ద టైర్లు వేసిన బండ్లలో ఈ పగుళ్లు వస్తాయి, వెల్డింగ్ చేసి పట్టీ కొట్టాల్సిందే. చక్రం కదలకముందు స్టీరింగ్ అంచు 30 మి.మీ. కన్నా ఎక్కువ వదులుగా తిరిగినా, జాయింట్లన్నీ గట్టిగా ఉన్నాయని తేలాకే బాక్సు మీది స్క్రూ ముట్టుకోవాలి. ముందే అది బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు, లోపలి పళ్లు అరిగిపోతాయి.

కమాను పట్టీల బండ్లలో షాకిల్ (కమాను చివరను చాసిస్‌కు కలిపే కొలికి) బుష్‌లు, యూ బోల్టులు చూడండి. పాన్‌హార్డ్ రాడ్ ఉన్న జిమ్నీలో స్టీరింగ్ ఆడిస్తున్నప్పుడు ఆ రాడ్డు బుష్ దగ్గర బోల్టు రంధ్రంలో కదిలిందంటే వణుకుకు మూలం అదే కావచ్చు. బుష్ ఎంత కొత్తదైనా బోల్టు లూజైతే ఫలితం లేదు.

ఇప్పుడు చక్రం లేపండి. పై, కింది అంచులు పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకుతో కదలిక పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింటు లేదా కింగ్ పిన్. కుడి, ఎడమ అంచులు పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ వైపు. టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) కింది ఆర్మ్‌కు ఉన్న స్కార్పియో, పాత థార్ రకాల్లో జాకీని చాసిస్ కింద కాకుండా కింది ఆర్మ్ కింద, చక్రానికి దగ్గరగా పెట్టి లేపితేనే కింది బాల్ జాయింటు మీది బిగువు పోయి లూజు బయటపడుతుంది.

ముందు రెండు చక్రాలూ గాల్లో ఉండగానే ఇంజను స్టార్ట్ చేసి స్టీరింగ్ వదిలేయండి. దానంతటది ఒక పక్కకు తిరిగితే పవర్ స్టీరింగ్ బాక్సు లోపలి వాల్వు పాడైంది. బండి లాగుడుకు అదే కారణం, చక్రాల కోణాలెన్ని సరిచేసినా ప్రయోజనం ఉండదు.

జిప్సీ రకం కింగ్ పిన్నులు

సైన్యం వేలం నుంచి వచ్చిన జిప్సీలు ఈ వైపు కనిపిస్తుంటాయి, వాటి వణుకుకు తరచూ మూలం ఇక్కడే. చక్రం వెనక నున్నటి ఇనుప గోళం మీద కొత్త నూనె పల్చగా, గ్రీజు కలిసి బూడిదరంగులో కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయింది. డిఫరెన్షియల్ ఆయిల్ వచ్చి కింగ్ పిన్ బేరింగుల గ్రీజును కడిగేస్తుంది, బేరింగులు ఎండి గుంతలు పడతాయి. ఆ సీలు మార్చకుండా బేరింగులు మాత్రం వేస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే పని.

బిగువు చూడటానికి టై రాడ్, డ్రాగ్ లింక్ విప్పి, గోళం వెనకున్న సీలు తీసేసి, టై రాడ్ తగిలే రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగాలి. నకిల్ (చక్రాన్ని మోస్తూ తిరిగే భాగం) కదలడం మొదలెట్టేటప్పుడు త్రాసు సుమారు 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపాలి. తక్కువైతే పిన్ను కింది పల్చటి షిమ్ములు తీయాలి, ఎక్కువైతే కలపాలి. షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుందన్నది మరిచిపోవద్దు. చేతికి తెలిసినంతలో బిగిస్తే చాలనుకోవద్దు, త్రాసు తెప్పించుకోండి.

స్టీరింగ్ డంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే షాక్ అబ్సార్బర్) గురించి కూడా చెప్పాలి. కొత్త డంపర్ వేస్తే వణుకు కొన్నాళ్లు తగ్గుతుంది. అది లూజును కప్పిపెడుతుందంతే, ఆలోగా కింగ్ పిన్ను ఇంకా అరుగుతుంది. డంపర్ విప్పేసి నిదానంగా నడిపినా వణకని బండికే డంపర్ వేయడం సరైన పని.

ఫోర్ వీల్ గేరు వల్ల వచ్చేవి

పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌ను తారు రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే స్థితి) తిప్పితే మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు పోలేక లోపలి షాఫ్టులు మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కి, తన్నుతూ, బండి బ్రేకు పట్టేసినట్టు నడుస్తుంది. 2హెచ్‌కు మార్చి కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే మెలి వదులుతుంది. ముందు, వెనక వేర్వేరు సైజు టైర్లు వేసినా, ముందు కొత్తవి వెనక బాగా అరిగినవి ఉన్నా ఇదే బాధ. ముందు చక్రాలను షాఫ్టుల నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులున్న బండికి రెండూ ఒకే స్థితిలో ఉన్నాయా చూడండి, ఒకటి లాకై ఒకటి వదులుగా ఉంటే శబ్దమూ, సన్నటి లాగుడూ రెండూ రావచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి 4హెచ్‌లో మెల్లగా కదిపితే టకటకమంటే సీవీ జాయింటు (తిరిగిన ముందు చక్రానికి శక్తి అందించే షాఫ్టు కీలు) చూడాలి.

చివరగా కోణాలు

పైవన్నీ సరైన తర్వాతే ఇది. బండి చదునైన సిమెంటు నేల మీద పెట్టి నాలుగు మూలల ఎత్తు కొలవండి. ఒక కమాను కుంగితే, ఒక టార్షన్ బార్ వదులైతే కోణాలు మారతాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకు రెండు వైపులా టేపు పట్టండి. ఐదారు మి.మీ. మించి తేడా వస్తే కమాను సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ వెనక్కి జరిగి ఉంటుంది. ఆ స్థితిలో ఏ అలైన్‌మెంటూ నిలవదు.

టో (ముందు చక్రాల ముందు అంచులు వెనక అంచుల కన్నా దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అన్నది) ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు చక్రాలు లేపి తిప్పుతూ ట్రెడ్ మధ్యలో సున్నపు చారలో మేకుతో సన్న గీత పెట్టండి. దించి, రెండు మీటర్లు ముందుకు తోసి కుదుటపరచండి. చక్రం వెనక వైపు, హబ్బు ఎత్తులో రెండు గీతల మధ్య దూరం కొలిచి, ఆ చోటే సుద్దతో గుర్తు పెట్టండి. గుర్తు ముందు వైపు వచ్చేదాకా బండి తోసి మళ్లీ కొలవండి. వెనక కొలత ఎంత ఎక్కువో అంత టో-ఇన్. సాలిడ్ యాక్సిల్ జిప్సీకి 2 నుంచి 6 మి.మీ. ఉండాలి, మిగతా బండ్లకు పుస్తకంలో చూడండి. టో తప్పితే టైర్లు రంపపు పళ్లలా అరుగుతాయి, బండి తేలుతుంది, ఒకే పక్కకు లాగడం మాత్రం దీనివల్ల అరుదు.

లాగుడు తెచ్చేవి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం బయటికో లోపలికో వాలడం; బయటికి వాలితే పాజిటివ్), కాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలడం). క్యాంబర్ పాజిటివ్‌గా ఎక్కువున్న వైపుకు, కాస్టర్ తక్కువున్న వైపుకు బండి పోతుంది. రెండు వైపుల మధ్య తేడా అర డిగ్రీ దాటితే చేతికి తెలుస్తుంది. ఎత్తు పెంచే రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేసిన సాలిడ్ యాక్సిల్ బండిలో కాస్టర్ తగ్గి స్టీరింగ్ తిరిగి రాదు, వణుకూ మొదలవుతుంది. కమాను బండికి యాక్సిల్ దిమ్మె మీద వాలు ప్లేటు, జిమ్నీకి కాస్టర్ బుష్‌లు వేస్తే కోణం వెనక్కి వస్తుంది. లిఫ్ట్ చేసిన జిమ్నీలో యాక్సిల్ పక్కకు జరుగుతుంది కాబట్టి పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్డు కూడా కావాలి.

మెషిన్ మీద ఎక్కించేటప్పుడు మామూలుగా మోసే సామాను బండిలోనే ఉంచండి, గాలి సరిచూడండి, మార్చకముందు, మార్చాక అంకెల కాగితం రెండూ అడిగి తీసుకోండి. బోల్టులు తీసిన బండికి 50 నుంచి 100 కి.మీ. నడిచాక యూ బోల్టులు, టై రాడ్ లాక్ నట్లు, చక్రాల నట్లు మరోసారి టార్క్ పానాతో బిగించాలి.